గురి తప్పని ఆనీ

పప్పుచారు బాగా కుదిరితే అమ్మలక్కలు ఏమంటారు? ఆవిడ చేతి మహిమ అంటారు. కందిపప్పు ఏ కొట్టుది, చింతపండు కొత్తదా పాతదా, పోపు ఏ మంట మీద పెట్టింది... ఇవేవీ ఎవరికీ అక్కర్లేదు. మహిమ అనేస్తే సరిపోతుంది, నేర్చుకునే బాధ తప్పుతుంది. అమెరికాలో ఆనీ ఓక్లీ తుపాకీ పేలుస్తుంటే చూసినవాళ్ళు కూడా ఇలాగే అన్నారు. పుట్టుకతో వచ్చిన కన్ను అన్నారు, దేవుడిచ్చిన చెయ్యి అన్నారు. ఆవిడ జీవితం చదివాక నాకు మాత్రం ఆ కన్ను కన్నా, ఆ చెయ్యి కన్నా, ఆవిడ తన తూటాలు తనే నింపుకున్న తీరు మీదే మనసు నిలిచిపోయింది.

మీకెందుకండీ ఈ తుపాకుల గొడవ అంటారేమో! మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. రెండేళ్ళ నుంచీ ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. ఆడపిల్ల చేతికి తుపాకీ ఏమిటని మా అత్తయ్యగారు మొదట్లో నొచ్చుకున్నారు. ఇప్పుడు ఆవిడే సాయంత్రం అయ్యేసరికి, ఇవాళ ఎన్ని పదులొచ్చాయే అని అడుగుతున్నారు. ఈ పిల్ల ఇంటికొచ్చాక కూడా డబ్బాలు ముందేసుకుని, ఏ డబ్బాలో గుళ్ళు ఎలా తగిలాయో నోటుబుక్కులో రాసుకుంటూ కూర్చుంటుంది. బియ్యంలో మట్టిగడ్డలు ఏరినట్టు ఏరుతుంది. దాన్ని చూసి చూసి నాకూ ఆసక్తి పుట్టింది. చదువుతూ చదువుతూ ఆనీ దగ్గరికి చేరాను. ఆనీవి మందుగుండు తుపాకులు, మా అమ్మాయిది గాలితో పేలేది. అయితేనేం, గురి కుదరడానికి కావలసినవి మాత్రం రెండింటికీ ఒక్కటే.

ఆనీ అసలు పేరు ఫీబీ ఆన్ మోసీ. 1860 ఆగస్టు 13న ఒహాయో రాష్ట్రంలోని డార్క్ కౌంటీలో, ఒక పల్లెటూరి కర్ర ఇంట్లో పుట్టింది. ఇంటినిండా పిల్లలు, చేతినిండా అప్పు. ఐదేళ్ళ పిల్లగా ఉండగా తండ్రి చలికాలంలో సరుకు పని మీద వెళ్ళి మంచు తుఫానులో చిక్కుకున్నాడు. కొయ్యబారిపోయి ఇల్లు చేరాడు. మళ్ళీ కోలుకోలేదు. 1866లో పోయాడు. తల్లి సూసన్ నర్సు పనికి కుదిరింది. తర్వాత మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఆయనా ఎక్కువకాలం బతకలేదు. పిల్లలందరికీ తిండి పెట్టలేక తల్లి తొమ్మిదేళ్ళ ఆనీని ఆ జిల్లా అనాథ శరణాలయంలో చేర్చింది. ముసలివాళ్ళు, మతి స్థిమితం లేనివాళ్ళు, దిక్కులేని పిల్లలు అంతా ఒకే కప్పు కింద ఉండే చోటు అది. అక్కడి అధికారి భార్య ఆ పిల్లకి కుట్టుపనీ ఎంబ్రాయిడరీ నేర్పింది. ఈ కుట్టుపని సంగతి గుర్తుంచుకోండి, ముందుముందు పనికొస్తుంది.

అక్కడినుంచి ఒక కుటుంబం వాళ్ళు ఆమెని తమ ఇంటికి తీసుకెళ్ళారు. పసిబిడ్డని చూసుకుంటే చాలు, వారానికి 50 సెంట్లు ఇస్తాం, బడికి పంపిస్తాం అని చెప్పి తీసుకెళ్ళారు. బడీ లేదు, డబ్బూ లేదు. తెల్లవారుజామున లేచి పాలు పితకడం, వంట, అంట్లు, పిల్లాడు. ఒక రాత్రి మేజోళ్ళకి అతుకులు వేస్తూ కునికితే, ఆ ఇల్లాలు చెప్పుల్లేకుండా మంచులోకి నెట్టి తలుపేసిందట! రెండేళ్ళు అలా గడిపి పారిపోయింది. ఆ ఇంటివాళ్ళ పేరు ఆనీ చచ్చేదాకా బయటపెట్టలేదు. రాసుకున్న జ్ఞాపకాల్లో కూడా వాళ్ళని తోడేళ్ళు అని మాత్రమే పిలిచింది. నేనైతే పేరుతో సహా రాసి ఉండేదాన్ని.

ఇంటికి తిరిగొచ్చేసరికి అమ్మ పరిస్థితి ఏమీ మెరుగుపడలేదు. గోడకి నాన్న పాత తుపాకీ ఉంది. ఎనిమిదేళ్ళప్పుడే దాన్ని దించి మొదటి ఉడతని కొట్టానని ఆనీ చెప్పుకునేది. ఇప్పుడది ఆటకాదు, బతుకుతెరువు. ఆ కాలం తుపాకీల సంగతి కాస్త చెప్పాలి. గొట్టం మూతిలోంచి మందు కొలిచి పొయ్యాలి, దానిమీద గుండు పెట్టాలి, పొడవాటి ఊచతో కిందికంటా దట్టించాలి. అప్పుడు ఒక్కసారి పేల్చొచ్చు. తప్పితే మళ్ళీ నింపుకునేలోగా పిట్ట పక్క ఊళ్ళో ఉంటుంది. మందు ఎక్కువైతే భుజం వాచిపోతుంది, తక్కువైతే గుండు దారిలోనే పడిపోతుంది. మందుకీ సీసానికీ డబ్బు పోయాలి. అంటే తప్పిపోయిన ప్రతి గుండూ ఆ పూట కూరలో కోతే. ఎంత మందు పోస్తే ఎంత దూరం పోతుందో ఆ పిల్ల చేత్తోనే తెలుసుకుంది. మనకి ఉప్పు చేతికి తెలిసినట్టు.

కొట్టిన పిట్టల్నీ కుందేళ్ళనీ గ్రీన్‌విల్ ఊళ్ళో కాట్జెన్‌బెర్గర్ అనే వాళ్ళ దుకాణానికి అమ్మేది. అక్కడినుంచి అవి సిన్సినాటి హోటళ్ళకి వెళ్ళేవి. ఆనీ పంపిన సరుకంటే హోటళ్ళవాళ్ళకి ఇష్టమట. ఎందుకంటే తలమీద తప్ప ఒంటిమీద దెబ్బ ఉండేది కాదు, మాంసంలో సీసం ఉండేది కాదు. కౌజుపిట్టల కూర తింటుంటే పంటికింద సీసపు రవ్వ తగిలితే ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి దీని విలువ తెలుస్తుంది. అలా సంపాదించి, పదిహేనేళ్ళు వచ్చేసరికి ఆ పిల్ల అమ్మ పొలం మీదున్న అప్పు మొత్తం తీర్చి తాకట్టు విడిపించింది. రాణులు ఇచ్చిన పతకాల కన్నా ఇదే పెద్ద బహుమతి అని నాకనిపిస్తుంది.

ఇక పెళ్ళి కథ. ఫ్రాంక్ బట్లర్ అని ఐర్లండు నుంచి వలస వచ్చినవాడు, ఊరూరా తిరిగి తుపాకీ ప్రదర్శనలిచ్చేవాడు. సిన్సినాటి దగ్గర స్థానికులు ఎవరైనా సరే తనమీద గెలవండని పందెం కాశాడు. హోటల్ యజమాని ఒకాయన తీసుకొచ్చి నిలబెట్టిన పోటీదారు, గౌను వేసుకున్న ఐదడుగుల పిల్ల. ఇది 1875లో జరిగిందని కొందరు, 1881లో అని కొందరు రాశారు. చెరి 25 గుళ్ళు. ఆనీ అన్నీ కొట్టింది. ఫ్రాంక్ ఒకటి తప్పాడు. ఓడినవాడు అలిగి వెళ్ళకుండా, ఆ పిల్లనే పెళ్ళి చేసుకున్నాడు.

ఈ ఘట్టాన్ని అమెరికావాళ్ళు 1946లో సంగీత నాటకంగా వేశారు. చాలా పేరొచ్చింది, సినిమా కూడా తీశారు. అందులో మొగుణ్ణి దక్కించుకోవడం కోసం ఆనీ కావాలని ఓడిపోతుంది! అసలు జరిగింది పూర్తిగా తిరగేసి ఉంది. ఆనీ గెలిచింది, ఫ్రాంక్ ఆ గెలుపుని ఒప్పుకున్నాడు. అంతేకాదు, 1882లో వేదిక మీద తన జోడీకి ఒంట్లో బాగోక ఆనీ వచ్చి నిలబడింది కదా, కొన్నాళ్ళకి జనం చూసేది తనని కాదని ఫ్రాంక్‌కే అర్థమైంది. తన తుపాకీ పక్కన పెట్టి ఆవిడ లెక్కలు, ఒప్పందాలు, ప్రయాణాలు చూసుకోవడం మొదలుపెట్టాడు. నాణెం వేళ్ళమధ్య పట్టుకుని ఆవిడ గుండుకి ఎదురుగా నిలబడేవాడు. ఆ కాలంలో అలాంటి మగవాడు! నాటకం రాసేవాళ్ళకి ఇది నమ్మబుద్ధి కాలేదేమో.

ఆనీ ఓక్లీ అనేది వేదిక మీద పెట్టుకున్న పేరు. 1884లో లకోటా తెగ నాయకుడు సిట్టింగ్ బుల్ ఆవిడ ప్రదర్శన చూసి ముచ్చటపడి, గురి తప్పని చిన్నది అనే అర్థం వచ్చే పేరు పెట్టి కూతురిలా చూసుకున్నాడు. 1885లో బఫెలో బిల్ కంపెనీలో చేరింది. మధ్యలో కొద్దికాలం తప్పిస్తే పదహారేళ్ళ పైచిలుకు అక్కడే. గుర్రాలు, ఎద్దులు, వందలమంది మనుషులతో సర్కస్ లాంటి మహా ప్రదర్శన అది. తుపాకుల మోతకి ఆడవాళ్ళూ పిల్లలూ బెదిరిపోకుండా మొదట్లోనే ఆనీని పంపేవారు. చిన్నగా ఉన్న ఒక ఆడమనిషి నవ్వుతూ పరిగెత్తుకొచ్చి పేలుస్తుంటే భయం పోయేది. అద్దంలో చూసుకుంటూ తుపాకీ భుజం మీదుగా వెనక్కి పెట్టి కొట్టేది. పేకముక్కని అంచు మీద గురిపెట్టి కొట్టేది. అప్పుడప్పుడూ కావాలని ఒకటి తప్పి, మూతి ముడిచి కాలు నేలకేసి కొట్టేదట. ఒక్కటీ తప్పకపోతే జనం మోసమనుకుంటారు మరి!

ఆ ప్రదర్శనలో వేసుకునే దుస్తులన్నీ తనే కుట్టుకుంది. శరణాలయంలో నేర్చుకున్న ఎంబ్రాయిడరీ వాటిమీద ఉండేది. ఖాళీ ఉంటే డేరాలో సూదీ దారం పట్టుకుని కూర్చునేది.

ఇప్పుడు నాకు ఇష్టమైన భాగానికి వస్తాను. 1885లో ఒక్కరోజులో 5000 గాజు బంతులు గాలిలోకి ఎగరేయించి కొట్టడానికి పూనుకుంది. తొమ్మిది గంటలు పట్టింది. 4772 పగలగొట్టింది. ఈ అంకె అందరూ రాస్తారు. దాని పక్కన రాయవలసిన సంగతి ఇంకొకటి ఉంది. ఆ తుపాకులన్నీ తనే నింపుకుంది. పక్కన మనిషిని పెట్టుకోవచ్చు, పెట్టుకోలేదు. ఎవరో నింపిన తూటా ఎలా పోతుందో నాకేం తెలుసు అనుకుని ఉంటుంది.

అందులోనూ ఎంపిక ఉంది. కదలకుండా ఉన్న నాణేనికీ పేకముక్కకీ ఒక్క గుండుండే రైఫిల్. గాలిలో ఎగిరే గాజు బంతికి చిన్న చిన్న రవ్వలు నింపిన తూటా. ప్రదర్శనల్లో ఈ రవ్వల తూటా వాడటానికి ఇంకో కారణం ఉంది. చుట్టూ జనం కూచుని ఉంటారు. పైకి పేల్చిన రైఫిల్ గుండు ఎక్కడో దూరాన ఎవరి నెత్తిమీదో పడుతుంది. రవ్వ అయితే కొంచెం దూరం పోయి బలం చచ్చి రాలిపోతుంది. ఏది వాడాలనే ప్రశ్నకి మొదటి జవాబు ఎక్కడ, దేనిమీద, చుట్టూ ఎవరున్నారు అనేదే.

1887లో విక్టోరియా రాణి పాలన స్వర్ణోత్సవాలకి కంపెనీ లండన్ వెళ్ళింది. రాణి స్వయంగా చూసి మెచ్చుకుంది. అదే లండన్‌లో ఆనీకి ఎదురుదెబ్బ కూడా తగిలింది. అక్కడి క్లబ్బుల్లో పావురాలు అమెరికా పావురాల కన్నా చాలా వేగంగా ఎగిరేవి. అంత పేరున్న ఆనీ మొదట్లో వరసగా తప్పింది! లండన్‌లో పేరున్న తుపాకీల తయారీ సంస్థ చార్లెస్ లాంకాస్టర్ యజమాని చూసి, లోపం ఆవిడ కంటిలో లేదు, తుపాకీలో ఉందని కనిపెట్టాడు. ఆవిడ వాడుతున్నవి బరువైనవి, ఆవిడ చేతికీ భుజానికీ సరిపోనివి. కొలతలు తీసుకుని తేలికైన తుపాకులు చేసిచ్చాడు. దగ్గరుండి అభ్యాసం చేయించాడు. తర్వాత అదే పావురాల మీద ఆనీ మళ్ళీ ఆనీ అయింది.

ఇది చదువుతుంటే నాకు ఆది జాకెట్టు గుర్తొచ్చింది. ఎంత ఖరీదైన గుడ్డ అయినా ఇంకొకరి ఆదికి కుడితే చెయ్యి ఎత్తలేం. మా అమ్మాయికి మొదట క్లబ్బులో ఇచ్చిన రైఫిల్ ఒక పొడుగాటి అబ్బాయి వాడుతున్నది. భుజానికి ఆనే భాగం, చెంప ఆనించే చెక్క రెండూ అతని కొలతకి బిగించి ఉన్నాయి. వారం రోజులు మెడనొప్పి, గుళ్ళు కాగితం నిండా చెల్లాచెదురు. కోచ్ ఒక రోజు కూర్చుని మరలు తిప్పి దాని కొలతకి మార్చారు. కాళ్ళెక్కడ పెట్టాలో, ఎడమ మోచెయ్యి నడుముకి ఎక్కడ ఆనాలో చూపించారు. కండబలంతో మొయ్యకూడదట, ఎముకలమీద నిలబెట్టాలట. బిందె చంకన పెట్టుకున్నట్టు.

కొలత తర్వాత మందు సంగతి. ఆ రోజుల్లో మామూలు నల్ల మందు పేలిస్తే ఎదురుగా పొగ కమ్మేసేది, రెండో గుండుకి ఏమీ కనపడదు. షుల్ట్జ్ అనే జర్మన్ సైనికాధికారి చెక్కతో చేసిన కొత్తరకం మందు ఒకటి అప్పటికి వచ్చింది. పొగ తక్కువ. ఆనీకి అది చేతికి అలవాటైంది. 1889లో పారిస్‌లో మహా ప్రదర్శనశాల, కంపెనీ అక్కడికి వెళ్ళింది. ఫ్రాన్స్‌లో బయటి మందుగుండు రానివ్వరు, అక్కడి సర్కారు మందే వాడాలి. ఆనీ ఏం చేసిందో చూడండి! వేడినీళ్ళ రబ్బరు సంచుల్లో తన మందు నింపి, గౌను వెనక ఎత్తుగా పెట్టుకునే మెత్తల కింద దాచుకుని, ఇంకొందరు ఆడవాళ్ళ చేతా అలాగే దాయించి సరిహద్దు దాటించిందట. ఆవిడ జీవితకథల్లో ఈ ముచ్చట వస్తుంది. చట్టానికి విరుద్ధమే, నేను సమర్థించను. కానీ ఊరు మారినప్పుడు బంధువుల ఇంటికి మన కారం, మన ఆవపిండి మూటగట్టుకెళ్ళి ఆవకాయ పెట్టేవాళ్ళకి ఆవిడ బాధ అర్థమవుతుంది. మందు మారితే గుండు వేగం మారుతుంది. వేగం మారితే ఎగిరే బంతికి ఎంత ముందుగా గురిపెట్టాలో ఆ లెక్క మారుతుంది. పదేళ్ళ అభ్యాసం ఒక్క డబ్బా మార్పుతో పాడవుతుంది.

మా అమ్మాయి డబ్బాల చాదస్తం వెనక ఉన్నది కూడా ఇదే. తిరునాళ్ళలో బెలూన్లు కొట్టే తుపాకీ మీరు చూసే ఉంటారు. ఎయిర్ గన్ అంటే మనకి అదే తెలుసు. అరిగిన గొట్టం, వంకరపోయిన గురిముల్లు, గుప్పెట్లో కలిపేసిన రకరకాల గుళ్ళు. అందుకే ఎంత గురి చూసినా బెలూను నవ్వుతూనే ఉంటుంది. పోటీల్లో వాడేది వేరు. గుండు 4.5 మిల్లీమీటర్ల లావు, అరగ్రాము బరువు. నడుం దగ్గర సన్నగా ఉండి, వెనక పరికిణీలా విచ్చుకుని ఉంటుంది. గాలి ఆ పరికిణీలో నిండి దాన్ని గొట్టం గోడలకి అదిమిపెడుతుంది. గొట్టం లోపల మెలి తిరిగిన గాడులుంటాయి, వాటిని పట్టుకుని గుండు బొంగరంలా తిరుగుతూ పోతుంది. ముందుభాగం చదునుగా ఉండాలి. అప్పుడే కాగితంలో గుండ్రటి చిల్లు తెగుతుంది. మొన తేలిన గుండైతే కాగితాన్ని చింపేస్తుంది, ఎక్కడ తగిలిందో లెక్క తేలదు. పది మీటర్ల దూరంలో పదో అంకె ఉండే చుక్క ఎంతో తెలుసా? అర మిల్లీమీటరు! వాక్యం చివర పెట్టే చుక్కంత.

అంత చిన్న చుక్క మీదికి పంపాలంటే గుండులో వెంట్రుకవాసి తేడా కూడా లెక్కే. డబ్బాల మీద 4.49 అనీ 4.50 అనీ రాసి ఉంటుంది, అది తలకాయ కొలత. ఏది మంచిదంటే ఎవరూ చెప్పలేరు. ఈ గొట్టానికి ఏది పడుతుందో గొట్టాన్నే అడగాలి. ఎలాగంటే, రైఫిల్‌ని కదలకుండా బిగించేసి, ఒక్కో డబ్బాలోంచి ఐదో పదో గుళ్ళు ఒకే చోటికి పేలుస్తారు. ఏ డబ్బా గుళ్ళు ఒకదాని మీద ఒకటి పడి అతిచిన్న చిల్లు చేస్తాయో అదే మన డబ్బా. ఒకే కంపెనీదైనా తయారైన విడత మారితే ఫలితం మారుతుంది. ఒకే మిల్లు సోనామసూరి అయినా ఒక బస్తా పొడిపొడిగా ఉడుకుతుంది, ఇంకో బస్తా ముద్దవుతుంది చూడండి, అలాగే. అందుకని కుదిరిన విడతవే నాలుగైదు డబ్బాలు ఒకేసారి కొనిపెట్టుకుంటారు. ఖరీదైనదే కుదరాలని లేదు. మా అమ్మాయి రైఫిల్‌కి నాలుగు రకాలు చూస్తే రెండో చవకరకం నప్పింది. మావారు ఊపిరి పీల్చుకున్నారు.

కాగితాన్ని చదవడం కూడా నేర్చుకోవాలి. చిల్లులన్నీ ఒక్కచోటే గుంపుగా ఉండి, ఆ గుంపు పక్కకి ఉంటే మనిషిదీ గుండుదీ తప్పులేదు, గురిముల్లు సవరిస్తే చాలు. చెల్లాచెదురుగా ఉంటే గుండైనా అయ్యుండాలి, శ్వాస అయినా అయ్యుండాలి, ట్రిగ్గరు లాగిన వేలైనా అయ్యుండాలి. రెండు మూడు ఒకేసారి మార్చేస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు. ఒక్కొక్కటే మార్చి రాసుకోవాలి. గుండు వెళ్ళాక కూడా ఒక క్షణం అలాగే నిలబడాలి, కొట్టేశాం కదా అని తల ఎత్తకూడదు. కింద పడినవీ, పరికిణీ అంచు సొట్టపోయినవీ పక్కన పెట్టేయాలి. ఇంకో మాట, తల్లులకి చెబుతున్నాను. ఇవి సీసంతో చేసినవి. గుళ్ళు ముట్టుకున్న చేత్తో తినుబండారాలు తినకూడదు, నోట్లో పెట్టుకోకూడదు, ఇంటికి రాగానే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. గుండు ఉన్నా లేకపోయినా గొట్టం మూతి మనిషివైపు తిప్పకూడదు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఈ పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే కాంస్యం గెలిచాడు. మొన్నటి మన ఇంటి కుర్రాడే కదా అని మా అమ్మాయి గోడకి ఆయన బొమ్మ అంటించుకుంది.

మళ్ళీ ఆనీ దగ్గరికి వద్దాం. అంతా మంచే చెబితే మనిషి అనిపించదు. 1886లో కంపెనీలోకి లిలియన్ స్మిత్ అనే పదిహేనేళ్ళ పిల్ల వచ్చింది. రైఫిల్‌తో గొప్పగా కొడుతుంది, నోరు కూడా పెద్దదే. ఆనీకి అప్పటికి పాతికేళ్ళు దాటాయి. ఉన్నట్టుండి పుట్టిన సంవత్సరం 1866 అని చెప్పడం మొదలుపెట్టింది. ఆరేళ్ళు మాయం! వయసు దాచుకోవడం మన ఒక్కళ్ళకే లేదన్నమాట. ఆడవాళ్ళ ఓటుహక్కు గొడవలో కూడా ఆవిడ పక్కకి తప్పుకుంది, సమర్థించలేదు. ఈ విషయంలో నాకు ఆవిడతో పేచీ ఉంది. తుపాకీ చేతికి ఇవ్వొచ్చు గానీ ఓటు ఇవ్వకూడదా? 1898లో స్పెయిన్‌తో యుద్ధం వచ్చినప్పుడు, గురి తెలిసిన 50 మంది ఆడవాళ్ళని తీసుకుని వస్తానని అధ్యక్షుడు మెకిన్లీకి ఉత్తరం రాసింది. అక్కడ ఒప్పుకోలేదు.

1901లో కంపెనీ రైలు ప్రమాదానికి గురైంది. ఆనీ వెన్నుకి దెబ్బ తగిలింది, శస్త్రచికిత్సలు జరిగాయి. బఫెలో బిల్ కంపెనీ వదిలేసింది.

అసలు దెబ్బ ఇంకా వెనక ఉంది. 1903 ఆగస్టులో షికాగోలో హర్‌స్ట్ పత్రికలు ఒక వార్త వేశాయి. ఆనీ ఓక్లీ మాదకద్రవ్యాలకి బానిసై, వాటికోసం దొంగతనం చేసి జైలుకి వెళ్ళిందని. దేశమంతా పత్రికలు దాన్ని ఎత్తి రాసేశాయి. నిజానికి ఆనీ అప్పుడు షికాగోలోనే లేదు. పోలీసులకి దొరికినామె ఎవరో నాటకాలామె, ఆనీ పేరు చెప్పుకుని బతుకుతోంది. ఫోను చేసి కనుక్కున్న పాపాన ఎవరూ పోలేదు.

చాలా పత్రికలు సవరణ వేశాయి. మనవాళ్ళైతే ఏమంటారు? పోనీలే అమ్మా, వేశారుగా, ఇంకా రచ్చకెక్కితే నీకే అప్రతిష్ఠ అంటారు. ఆనీ అలా అనుకోలేదు. 55 పత్రికల మీద విడివిడిగా దావాలు వేసింది. ఊరూరా కోర్టులకి తిరిగింది. ప్రదర్శనలు తగ్గాయి, సంపాదన తగ్గింది. ఎదుటి లాయర్లు బోనులో నిలబెట్టి ఆవిడ బట్టల గురించీ, ఆవిడ పుట్టుక గురించీ, వేదిక మీద గెంతడం గురించీ అడిగారు. హర్‌స్ట్ మనుషులు ఆవిడ పుట్టిన ఊరుకి వెళ్ళి ఏదైనా మచ్చ దొరుకుతుందేమోనని వెతికారు. దొరకలేదు. ఈ తిరుగుడు 1910 దాకా సాగింది. ఒక్కటి తప్ప అన్ని కేసులూ గెలిచింది. వచ్చిన పరిహారం కన్నా అయిన ఖర్చే ఎక్కువ. ఆవిడకి డబ్బు లెక్క తెలియక కాదు, పదిహేనేళ్ళకే పొలం విడిపించిన మనిషి. నలభయ్యో పడిలో ఏడేళ్ళ కాలం పోసి తన పేరుని తిరిగి తెచ్చుకుంది. ఈ 55 కేసులు ఆ 5000 గాజు బంతుల కన్నా కష్టమైన ప్రదర్శన అని నా లెక్క.

తర్వాత రోజుల్లో నార్త్ కరోలినాలోని పైన్‌హర్‌స్ట్ అనే విడిదిలో ఫ్రాంక్‌తో ఉంటూ, వచ్చిన ఆడవాళ్ళకి తుపాకీ నేర్పింది. జీవితం మొత్తంమీద 15000 మందికి పైగా ఆడవాళ్ళకి నేర్పిందని అంటారు. డబ్బు తీసుకోకుండా నేర్పిన రోజులే ఎక్కువ. ఆడదానికి పిల్లల్ని ఎత్తుకోవడం ఎంత సహజంగా వస్తుందో తుపాకీ పట్టడం కూడా అంత సహజంగా రావాలని ఆవిడ ఉద్దేశం. వాళ్ళకి పిల్లల్లేరు. డేవ్ అని ఒక కుక్క ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో సైనికుల శిబిరాల్లో ప్రదర్శనలిచ్చేవారు. చేతిరుమాల్లో దాచిన డబ్బుని డేవ్ వాసనపట్టి తీస్తే అది రెడ్‌క్రాస్‌కి వెళ్ళేది. రాజులూ క్లబ్బులూ ఇచ్చిన బంగారు పతకాల్ని కరిగించి అమ్మి, క్షయరోగుల ఆసుపత్రికి ఇచ్చేసింది.

1922లో, 62 ఏళ్ళ వయసులో, 16 గజాల దూరం నుంచి వరసగా 100 మట్టి బిళ్ళల్ని పగలగొట్టింది. ఆ ఏడాది నవంబరులోనే ఫ్లోరిడాలో కారు బోల్తాపడి తుంటి ఎముక, చీలమండ విరిగాయి. నెలల తరబడి మంచం. లేచాక కుడికాలికి ఉక్కు పట్టీ కట్టుకుని నడవాల్సి వచ్చింది. నిలబడే తీరే మారిపోయింది కదా, అంటే గురి మొత్తం మళ్ళీ మొదటినుంచి. ఊతకర్ర పక్కన పడేసి, ఒక్క కాలు మీద బరువు మోపి మళ్ళీ నేర్చుకుంది. 1924కల్లా మళ్ళీ పోటీల్లో కొడుతోంది.

1926లో రక్తహీనత ముదిరి మంచం పట్టింది. పుట్టిన డార్క్ కౌంటీలోనే, చిన్నప్పుడు పిట్టల్ని అమ్మిన గ్రీన్‌విల్ ఊళ్ళోనే నవంబరు 3న కన్నుమూసింది. అప్పటికి ఫ్రాంక్ కూడా జబ్బుతోనే ఉన్నాడు. ఆవిడ పోయాక అన్నం ముట్టలేదని చెబుతారు. సరిగ్గా పద్దెనిమిది రోజులకి ఆయనా పోయాడు. ఇద్దరినీ ఆ దగ్గర్లోనే బ్రాక్ అనే ఊరి శ్మశానంలో పక్కపక్కన ఉంచారు.